ముజిర్, ముస్లిహ్: పాతబస్తీ వైద్యంలో మందు, దాని హాని

చార్మినార్ చుట్టుపక్కల గల్లీలలో మూలికల దుకాణం ముందు మీరు ఎప్పుడైనా నిలబడి ఉంటే ఒక మాట వినే ఉంటారు. "ఇది జడీబూటీ, సైడ్ ఎఫెక్టులు ఉండవు." కొలెస్ట్రాల్ తగ్గిస్తాయని అమ్మే పొడుల డబ్బాల మీదా ఇదే హామీ కనిపిస్తుంది. ఇది మన ప్రాచీన వైద్యం చెప్పిన మాటేనని చాలామంది నమ్మకం. చరిత్ర విద్యార్థిగా మీరు వేయవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ వైద్యం నిజంగా ఆ మాట అన్నదా?

ముందుగా నేపథ్యం చూద్దాం. గ్రీకు వైద్యం అరబ్బు, పారశీక పండితుల చేతుల మీదుగా పెరిగి 'యునానీ'గా దక్కనుకు చేరింది. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, కొద్ది సంవత్సరాలకే వైద్యాలయంగా దారుల్ షిఫాను కట్టించాడు. చికిత్సతోపాటు వైద్య విద్య కూడా అక్కడ సాగేది. ఆ పేట నేటికీ ఆ పేరుతోనే ఉంది. అతని పీష్వా మీర్ మోమిన్ తూకాలు, కొలతల మీద పారశీకంలో 'రిసాలా మిఖ్దారియా' అనే గ్రంథం రాశాడు. రాజ్యాన్ని నడిపే మంత్రి తూకాల మీద పుస్తకం రాయడం మీకు వింతగా తోచవచ్చు. కానీ ఊరికో తూకం ఉన్న కాలంలో కొలత తెలియకపోతే వ్యాపారమే కాదు, వైద్యమూ సాగదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ పక్కనే వెలసిన నిజామియా యునానీ ఆసుపత్రి ఈ పరంపరకు కొనసాగింపు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. యునానీ ఔషధ గ్రంథాలలో ఒక్కొక్క మూలికకు ఒక పద్ధతి ప్రకారం వివరాలు ఇస్తారు. దాని మిజాజ్ అంటే స్వభావం, చేసే పని, ఇవ్వవలసిన మోతాదు ఉంటాయి. వాటితోపాటు 'ముజిర్' అనే శీర్షిక ఉంటుంది. ఆ మందు ఏ అవయవానికి చేటు చేస్తుందో అక్కడ రాస్తారు. దాని పక్కనే 'ముస్లిహ్', అంటే ఆ చేటుకు విరుగుడుగా కలపవలసిన పదార్థం. ఉదాహరణకు గుగ్గులును యునానీలో 'ముఖిల్' అంటారు. దాని ముజిర్ కింద కాలేయం, ఊపిరితిత్తుల పేర్లు, ముస్లిహ్ కింద కుంకుమపువ్వు, కతీరా బంక కనిపిస్తాయి. వారి కారణాలు మన నేటి శరీరశాస్త్రానికి సరిపోవు, అది వేరే చర్చ. హాని లేని మందు ఉంటుందని మాత్రం వారు అనుకోలేదు.

గుగ్గులునే ఎంచుకోవడానికి కారణం ఉంది. తెలుగులో దీనికి మహిసాక్షి అనే పేరు కూడా ఉంది. గుగ్గిలం పేరుతో దొరికే సాల వృక్షపు జిగురు వేరు, రెండూ ఒకటని పొరబడకండి. పాత హకీములు, వైద్యులు దీన్ని కొలెస్ట్రాల్‌కు ఇవ్వలేదు. ఇవ్వగలిగేవారూ కాదు, ఎందుకంటే ఆ పదార్థానికి ఆ పేరు పెట్టింది 19వ శతాబ్దిలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్. హకీములు దీన్ని ఎక్కువగా మొలలకు, కీళ్ళనొప్పులకు వాడారు. 1966లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి. వి. సత్యవతి, సుశ్రుత సంహితలోని స్థౌల్య వర్ణన ఆధారంగా గుగ్గులును పరిశోధించి, రక్తంలోని కొవ్వుకు దీనికి ఉన్న సంబంధాన్ని చూపారు. ఆ దారిలోనే లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులు సారం నుంచి గుగ్గులిపిడ్‌ను తయారుచేసింది. 1980లలో అది మార్కెట్‌లోకి వచ్చింది.

తరువాతి అధ్యాయం 2003లో అమెరికాలో జరిగింది. 103 మందిపై 8 వారాలు చేసిన పరీక్షలో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డిఎల్ తగ్గకపోగా 4 నుంచి 5 శాతం పెరిగింది. మందు తీసుకున్న వారిలో ఆరుగురికి చర్మంపై దద్దుర్లు వచ్చాయి. అంతకుముందు భారతదేశంలో జరిగిన అధ్యయనాలు దీనికి భిన్నమైన ఫలితాలిచ్చాయి. ఆహారపు అలవాట్లలోని తేడా ఒక కారణం కావచ్చునని కొందరి వాదన. నా దృష్టిలో ఇంకో తేడా కూడా ముఖ్యం. వైద్యుడు శుద్ధి చేసి, ఇతర మూలికలతో కలిపి, రోగిని చూసి ఇచ్చిన జిగురు ఒకటి. గాఢమైన సారాన్ని మాత్రగా చేసి ఎవరికైనా అమ్మేది ఇంకొకటి. మొదటిదాని పేరుప్రతిష్ఠలతో రెండోదాన్ని అమ్ముతున్నారు. ముజిర్ శీర్షిక మాత్రం దారిలో జారిపోయింది.

అంతకన్నా చిక్కైన విషయం మరొకటి ఉంది. గుగ్గులిపిడ్‌తో కలిపి తీసుకున్నప్పుడు ప్రొప్రనలాల్, డిల్టియజెమ్ అనే గుండె, రక్తపోటు మందులు రక్తంలోకి తక్కువగా చేరుతున్నట్లు 1994లో ఒక అధ్యయనం తెలిపింది. ఇంట్లో పెద్దవారు డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటూనే, ఆయనకు చెప్పకుండా పొడి కూడా తింటే జరిగేది ఇదే. వెల్లుల్లి మాత్రలు రక్తాన్ని పలుచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావపు ప్రమాదం పెరుగుతుంది. చైనా ఎర్ర ఈస్టు బియ్యంలోని మొనాకొలిన్ కె, 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ అనే మందూ రసాయనికంగా ఒకటే. కాబట్టి స్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పి, కాలేయ సమస్య దానితోనూ రావచ్చు.

మన దేశంలో 1940 నాటి ఔషధ చట్టాన్ని 1964లో సవరించి ఆయుర్వేద, యునానీ మందులను దాని పరిధిలోకి తెచ్చారు. కానీ ఆహార అనుబంధమనే పేరుతో అమ్మేవి వేరే నిబంధనల కిందకు వస్తాయి.

అభ్యాసం: మీ ఇంట్లోగాని, సమీపంలోని దుకాణంలోగాని ఉన్న ఒక కొలెస్ట్రాల్ పొడి డబ్బాను తీసుకోండి. దాని మీద మిజాజ్, మోతాదు, ముజిర్, ముస్లిహ్‌లలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో మీ నోటు పుస్తకంలో రాయండి.