మెమరీలో స్టోకాస్టిక్ కంప్యూటింగ్

మెమరీలో స్టోకాస్టిక్ కంప్యూటింగ్ అనేది సంఖ్యలను యాదృచ్ఛిక బిట్ల వరుసలుగా మార్చి, వాటిని ప్రాసెసర్‌కు పంపకుండా మెమరీ చిప్‌లోనే లెక్కించే పద్ధతి. వరుసలో 1లు ఎంత నిష్పత్తిలో ఉంటే సంఖ్య విలువ అంత; బిట్ ఏ స్థానంలో ఉందన్నది లెక్కలోకి రాదు. ఎనిమిది బిట్లలో నాలుగు 1లుంటే 0.5, ఆరుంటే 0.75. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ రెండు వరుసలను రెండు బిట్లూ 1 అయినప్పుడే 1 ఇచ్చే ఒకే ఆండ్ గేటు గుండా పంపితే సగటున మూడు 1లు మిగులుతాయి: లబ్ధం 0.375.

ఈ గణన పద్ధతిని 1967లో బ్రిటన్‌లో బ్రయన్ గెయిన్స్, అమెరికాలో పాపెల్‌బామ్ బృందం విడివిడిగా ప్రతిపాదించారు. యాదృచ్ఛిక బిట్లను పుట్టించే సర్క్యూట్లే చిప్‌లో ఎక్కువ చోటు తినేయడంతో అది చాలాకాలం వెనుకబడింది. లియాన్ చువా 1971లో ఊహించి, హెచ్‌పీ ల్యాబ్స్ 2008లో చూపిన మెమ్రిస్టర్ (విద్యుత్ నిరోధాన్ని మార్చుకుని, ఆ స్థితిని గుర్తుంచుకునే మెమరీ పరికరం) ఈ ఇబ్బందికి పరిష్కారం చూపింది. బలహీనమైన పల్స్ ఇచ్చినప్పుడు మెమ్రిస్టర్ స్థితి మారవచ్చు, మారకపోవచ్చు. ఆ సంభావ్యతను పల్స్ వోల్టేజీ, నిడివి నిర్ణయిస్తాయి. మామూలు మెమరీలో లోపంగా చూసే ఈ అనిశ్చితే ఇక్కడ బిట్లను పుట్టిస్తుంది. దీని ఆధారంగా మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక నిర్మాణాన్ని ప్రతిపాదించారు.

ఈ పద్ధతి పొరపాట్లను బాగా తట్టుకుంటుంది: 256 బిట్ల వరుసలో ఒక బిట్ తారుమారైనా విలువ 1/256 మాత్రమే మారుతుంది. కచ్చితత్వం మాత్రం ఖరీదైనది: యాదృచ్ఛిక దోషం సగానికి తగ్గాలంటే వరుస నాలుగింతలు పొడవు కావాలి. అందువల్ల ఖాతాల లెక్కలకు ఇది పనికిరాదు; చిన్న పొరపాట్లను తట్టుకోగల చిత్ర విశ్లేషణ, న్యూరల్ నెట్‌వర్కులే దీనికి తగిన రంగాలు.