ఆల్-గ్రెయిన్ హోమ్ బ్రూయింగ్: చరిత్ర

డబ్బాలో దొరికే మాల్ట్ సిరప్ జోలికి పోకుండా, నేరుగా బార్లీ గింజతో ఇంట్లో బీరు తయారుచేసుకోవడాన్ని ఆల్-గ్రెయిన్ హోమ్ బ్రూయింగ్ అంటారు. బార్లీని నానబెట్టి, మొలక రాగానే ఆరబెడితే మాల్ట్ అవుతుంది. మన ఇళ్లలో రాగి మాల్ట్‌కు చేసేదీ ఇదే పని. దాన్ని పలుకుగా మరపట్టి 62-70 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర గంటసేపు నీళ్లలో ఉంచితే, మొలకలోని ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మార్చేస్తాయి. ఇదే మ్యాషింగ్. వడకట్టగా వచ్చే తియ్యటి ద్రవం పేరు వోర్ట్. దాన్ని చేదునిచ్చే పూలైన హాప్స్‌తో కలిపి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి పులియబెడతారు. సుమారు 20 లీటర్ల బీరుకు నాలుగైదు కిలోల మాల్ట్ పడుతుంది.

మొదట సిరప్‌తో చేయి తిరిగాకే గింజ జోలికి వెళ్లాలని చాలామంది చెబుతారు. చరిత్రలో మాత్రం గింజే ముందు, సిరప్ వెనుక. ఇంగ్లండ్ పల్లెల్లో రొట్టె కాల్చుకున్నట్టే బీరూ ఇంటి పనుల్లో ఒకటిగా, ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా సాగేది. ఆ అలవాటు తగ్గిపోతోందని మండిపడ్డవాడు రచయిత విలియం కాబెట్. 1822లో పుస్తకంగా వచ్చిన ‘కాటేజ్ ఎకానమీ’లో, మాల్ట్ మీద పన్నునూ, కూలీల ఇళ్లలోకి చొరబడ్డ టీనీ కలిపి తిట్టిపోశాడు. టీ మీద ఆయనకున్న కోపం ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది గానీ, బీరు తయారీ గురించి చెప్పింది మాత్రం పక్కా. థర్మామీటరు లేనివాళ్లు మరిగిన నీటిని తొట్టిలో పోసి, ఆవిరి తగ్గి అందులో తమ ముఖం స్పష్టంగా కనిపించేదాకా ఆగి, అప్పుడు మాల్ట్ వేయమన్నాడు. ఆయన లెక్కలో అది 170 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 77 సెల్సియస్. చల్లటి గింజ పడగానే వేడి దిగి, ఎంజైములకు కావలసిన చోట నిలుస్తుంది. నేటి హోమ్ బ్రూయర్లు నీటిని కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడి చేసుకునేదీ ఇందుకే.

1880లో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ పన్ను తీసేసి, సుంకాన్ని బీరు మీదికి మార్చాడు. దాంతో ఇంటి తయారీకి లైసెన్సు నిబంధన వచ్చిపడింది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేసేదాకా అదే పరిస్థితి.

అమెరికాలో సిరప్ డబ్బాను ఇంటింటికీ చేర్చింది మద్యనిషేధం (1920-33). బీరు అమ్ముకోలేని ఆన్‌హైజర్-బుష్, పాబ్స్ట్ లాంటి కంపెనీలు మాల్ట్ సిరప్ అమ్ముకున్నాయి. వంటలకూ రొట్టెలకూ అని పైకి చెప్పేవారు, కొనేవాళ్ల ఉద్దేశం వేరు. నిషేధం పోయాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది, బీరును వదిలేసింది. ఆ లోటు తీరడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఏడాదికి ఒక వయోజనుడికి 100 గ్యాలన్లు, ఇద్దరున్న ఇంటికి 200 గ్యాలన్లు సుంకం లేకుండా చేసుకునే వీలు కలిగింది. రాష్ట్రాలు మాత్రం తాపీగా కదిలాయి. మిసిసిపీ, అలబామా ఒప్పుకున్నది 2013లో.

చట్టం దారి ఇచ్చినా, మ్యాషింగ్‌కు తగిన పాత్ర ఇళ్లలో లేదు. గంటసేపు వేడి నిలవాలి, తర్వాత ముద్దలోంచి వోర్ట్ తేటగా దిగాలి. దీనికి పరిష్కారాలు ఫ్యాక్టరీల్లో కాదు, ఔత్సాహికుల వంటగదుల్లో పుట్టాయి. బ్రిటన్‌లో డేవ్ లైన్ ‘ది బిగ్ బుక్ ఆఫ్ బ్రూయింగ్’ (1974)తో గింజ పద్ధతిని మామూలు పాఠకుడి దగ్గరికి తెచ్చాడు. అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ స్థాపకుల్లో ఒకరైన చార్లీ పపాజియన్ 1984 నాటి తన పుస్తకంలో, అడుగున నిండా బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ బకెట్‌ను ఇంకో బకెట్‌లో దించి వాడే చిట్కాను ప్రచారం చేశాడు. పిక్నిక్‌కు ఐసు మోసుకెళ్లే కూలర్లకు కుళాయి బిగించి వాడినవాళ్లూ ఉన్నారు. అందరికంటే తేలిక దారి ఆస్ట్రేలియన్లది. 2000ల్లో వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన ‘బ్రూ ఇన్ ఎ బ్యాగ్’ పద్ధతికి ఒకే గిన్నె, అందులో ఒక పలుచటి గుడ్డ సంచి చాలు. గంటయ్యాక సంచి పైకెత్తి వడియనిస్తే గింజ సంచిలో, వోర్ట్ గిన్నెలో. ఖర్చుకు జంకి సిరప్ దగ్గరే ఆగిపోయే కొత్తవాళ్లు ఇప్పుడు తొలి ప్రయత్నమే గింజతో చేయగలుగుతున్నారు.

మన దగ్గరికి వస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. హైదరాబాద్‌లో లైసెన్సున్న మైక్రోబ్రూవరీలు మాల్ట్‌తో తాజాగా తీసిన బీరు అమ్ముకోవచ్చు. అమెరికాలో ఉన్న తమ్ముడికి దొరికే 100 గ్యాలన్ల వెసులుబాటు మాత్రం ఇక్కడున్న అన్నకు లేదు.