లెక్కల పంతులు, ఆయన భాష, మన ఆదివారం తరగతి



పోయిన సమావేశంలో ఒక మాట వచ్చింది. ఆదివారం తెలుగు తరగతికి పట్టుమని పదిమంది పిల్లలు రావడం లేదు, ఇంక నిలిపేద్దామా అని. ఆ రోజు మేము నోరు తెరవలేదు. ఇంటికి వచ్చినాక మనసు ఊరుకోలేదు. జవాబుగా ఒక పెద్దమనిషి కథ చెప్పాలనిపించింది. ఆయన మన దేశస్తుడు కాదు, ఐర్లండ్ దేశస్తుడు. పేరు ఏమన్ డి వలేరా. మొదట లెక్కల పంతులు, తరువాత ఆ దేశానికి ప్రధాని, చివరికి అధ్యక్షుడు. రాత కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

ఆయన 1882లో అమెరికాలో న్యూయార్క్ నగరంలో పుట్టినారు. తల్లి ఐర్లండ్ నుంచి బతుకుతెరువుకు పోయిన మనిషి. తండ్రి తొందరగా పోయినారు. రెండున్నర ఏళ్ళ బిడ్డను మేనమామ ఐర్లండ్‌కు తీసుకొచ్చి లిమరిక్ జిల్లాలో బ్రూరీ అనే పల్లెలో అమ్మమ్మ దగ్గర వదిలినారు. పేద ఇల్లు. చదువులో చురుకు కాబట్టి ఉపకారవేతనం మీద డబ్లిన్ దగ్గర బ్లాక్‌రాక్ కాలేజీకి పోయినారు. 1903లో రాక్‌వెల్ కాలేజీలో లెక్కల పంతులుగా చేరినారు. దేశమంతా ఆయన్ని పిలిచిన 'డెవ్' అనే ముద్దుపేరు అక్కడే పడింది. 1906 నుంచి క్యారీస్‌ఫోర్ట్ అనే శిక్షణ కాలేజీలో, పంతులమ్మలు కాబోయే ఆడపిల్లలకు లెక్కలు చెప్పినారు.

ఇక భాష సంగతి. ఐర్లండ్‌కు సొంత భాష ఉంది, ఐరిష్. ఇంగ్లీషు వాళ్ళ పాలనలో అది వెనక్కి పోయింది. 1845 తరువాత వచ్చిన పెద్ద కరువులో పది లక్షల మంది చచ్చిపోయినారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయినారు. అందులో ఐరిష్ మాట్లాడే పేదలే ఎక్కువ. మిగిలినవాళ్ళు, బిడ్డకు ఇంగ్లీషు వస్తేనే కూడు దొరుకుతుంది అనుకొన్నారు. తప్పు పట్టడానికి లేదు. మా నాయన కూడా మమ్మల్ని తమిళ మీడియంలో వేసినప్పుడు అదే అనుకొని ఉంటారు.

డి వలేరా 1908లో, ఇరవై ఆరేళ్ళ వయసులో, గేలిక్ లీగ్‌లో చేరి ఐరిష్ నేర్చుకొన్నారు. నేర్పిన పంతులమ్మ షినేడ్ ఫ్లానగన్, ఆయనకంటే నాలుగేళ్ళు పెద్ద. 1910లో ఆ పంతులమ్మనే పెళ్ళి చేసుకొన్నారు! ఎడ్వర్డ్ అనే పేరు ఏమన్ అయింది. మేము తెలుగు అక్షరాలు నేర్చింది ఉద్యోగంలో చేరినాక, గూడూరు, రేణిగుంట స్టేషన్ బోర్డులు చూసి. అందుకే ఈ మనిషి మీద మాకు అభిమానం.

1916 ఈస్టర్ వారంలో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. లెక్కల పంతులు ఒక దళానికి నాయకుడు. ఓడిపోయినారు. నాయకులను కాల్చి చంపినారు. ఈయనకు కూడా మరణశిక్ష పడి, యావజ్జీవంగా మారింది. మరుసటి ఏడాది విడుదలై, ఈస్ట్ క్లేర్ ఉప ఎన్నికలో గెలిచినారు. 1919లో లింకన్ జైలు నుంచి దొంగ తాళంచెవితో తప్పించుకొన్నారు. ఆ తాళంచెవి కేకులో పెట్టి పంపించినారు! ఆ తరువాత అమెరికా పోయి మద్దతు కూడగట్టినారు. 1920లో న్యూయార్క్‌లో భారత స్వాతంత్ర్యం కోరేవారి సభలో కూడా మాట్లాడినారు.

ఆయన చేసిందంతా సరి అని మేము చెప్పడం లేదు. 1921 చివర బ్రిటన్‌తో జరిగిన ఒప్పందాన్ని ఆయన ఒప్పుకోలేదు. 1922 జనవరిలో సభలో 64 మంది ఒప్పందం వైపు, 57 మంది ఎదురుగా ఓటు వేసినారు. ఓడిన పక్షం తల వంచలేదు, అన్నదమ్ములు తుపాకులు పట్టుకొన్నారు. ఆ అంతర్యుద్ధం పాపంలో ఆయన వాటా ఎంత అని అక్కడ ఇప్పటికీ వాదించుకొంటారు. 1926లో ఆయన ఫియానా ఫాల్ అనే పార్టీ పెట్టి, 1932లో ఓట్లతోనే అధికారానికి వచ్చినారు.

1937లో కొత్త రాజ్యాంగం తెచ్చినారు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు మూలం అదే. అందులో ఐరిష్ మొదటి అధికార భాష, ఇంగ్లీషు రెండోది. బడి చివరి పరీక్షలో ఐరిష్ తప్పితే మొత్తం తప్పినట్టే అనే నిబంధన కూడా ఆయన ప్రభుత్వంలో, 1934లో వచ్చింది. 1940లో డబ్లిన్‌లో ఉన్నత పరిశోధన సంస్థ పెట్టి ఐరిష్ చదువుకు ఒక విభాగం, భౌతికశాస్త్రానికి ఒక విభాగం తెరిచినారు. ష్రోడింగర్‌ను పిలిపించినారు. పంతులు బుద్ధి పోలేదు చూడండి.

మన సంబంధం కూడా ఉంది. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి గారు 1913 నుంచి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివినారు. 1916 తిరుగుబాటు తరువాత ప్రభుత్వం ఆయన్ని దేశం వదలమంది. తిరిగొచ్చి రైల్వే కార్మికుల నాయకుడైనారు. మా రైల్వే వాళ్ళకు ఆయన పేరు చెప్పాల్సిన పని లేదు. 1969లో గిరి గారు రాష్ట్రపతి అయినప్పుడు ఐర్లండ్ అధ్యక్షుడు డి వలేరానే. అంతకు ముందు 1964లో మన తిరుత్తణి రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతిగా ఐర్లండ్ పోయినప్పుడు కూడా ఆయనే. తత్త్వశాస్త్రం చెప్పిన ఒక పంతులు, లెక్కలు చెప్పిన ఒక పంతులు, ఇద్దరూ రెండు దేశాలకు అధ్యక్షులు.

డి వలేరా చూపు దాదాపు పోయినా 1973 దాకా, తొంభై ఏళ్ళ వయసు వరకు, ఆ పదవిలో ఉన్నారు. 1975లో కన్ను మూసినారు. ఆయన దిగిపోయిన 1973లోనే, ఐరిష్ తప్పితే పరీక్ష తప్పినట్టే అనే నిబంధన కూడా ఎత్తేసినారు.

ఇప్పుడు లెక్క చూద్దాం, లెక్కల పంతులు కథ కాబట్టి. ఆ దేశంలో 2022 జనగణనలో ఐరిష్ వచ్చు అన్నవాళ్ళు 18 లక్షల పైన. బడి వదిలేసి, రోజూ మాట్లాడేవాళ్ళు సుమారు 72 వేలు మాత్రమే. సొంత రాజ్యం, రాజ్యాంగం, పరీక్ష, స్టేషన్ బోర్డు అన్నీ ఉన్నాయి. అయినా ఇంట్లో మాట లేకపోతే బోర్డు మీద అక్షరం ఏం చేస్తుంది?

అట్లయితే ఆదివారం తరగతి మూసేయడమే న్యాయం కదా అంటారు. కాదు. ఇంకో సంగతి వినండి. ఆయన ప్రభుత్వ కాలంలోనే 1937 నుంచి 1939 వరకు ఒక పని జరిగింది. సుమారు 5,000 బడుల్లోని పిల్లలకు తలా ఒక పని ఇచ్చినారు. ఇంటికి పోయి అవ్వను, తాతను, పక్కింటి ముసలివాళ్ళను అడిగి కథలు, సామెతలు, నాటు వైద్యాలు, పండగలు, ఊరి పేర్ల కథలు రాసుకొని రమ్మన్నారు. సుమారు 50,000 మంది పిల్లలు రాసినారు. ఆ నోటు పుస్తకాలు ఇప్పటికీ డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి. పరీక్ష భయంతో చదివిన భాష పరీక్షతో పోయింది. అవ్వ నోటి నుంచి బిడ్డ చేతికి వచ్చింది మాత్రం నిలిచింది.

మన పిల్లలు తరగతికి ఎందుకు రావడం లేదో మేము మా మనవరాలిని అడిగినాము. "అక్కడ అ ఆ ఇ ఈ రాయిస్తారు తాతా, ఎవరూ మాట్లాడరు" అనింది. తప్పు పిల్లలది కాదు, మనది.

కాబట్టి మా విన్నపం ఇది. తరగతి మూయవద్దు, మార్చండి. మొదటి అరగంట అక్షరాలు. తరువాత ఒక పెద్దవాళ్ళు వచ్చి కూర్చోవాలి, పిల్లలు అడగాలి, రాసుకోవాలి. మన పెద్దలు ఏ ఊరి నుంచి ఎందుకు వచ్చినారు, మన ఇంట్లో కూరకు, కొలతకు, చుట్టరికానికి ఏ మాట వాడతాము, అవన్నీ. అక్షరం రాని పిల్లలు మొదట తమిళ లిపిలో రాసినా పరవాలేదు. మేము కూడా అట్లే మొదలుపెట్టినాము. నోటు పుస్తకాల ఖర్చు మాది.

మన సంఘంలో ఎనభై దాటినవాళ్ళు ఎంతమంది మిగిలినారో ఒకసారి వేళ్ళ మీద లెక్క పెట్టి చూడండి. వచ్చే సమావేశంలో ఓటు వేయడానికి ముందు ఆ లెక్క మనసులో పెట్టుకోండి.

ఇట్లు, మీలో ఒకరము.