అరుగుదల, చిలుము, శ్రేణి: కుంపిణీ కాలపు రాగి నాణేల స్థితినిర్ణయం

కీలకపదాలు: కాసు, డబ్బు, అరుగుదల, చిలుము, షెల్డన్ కొలమానం, అడ్మిరల్ గార్డ్‌నర్

నేడు ధనమంతటికీ వాడుతున్న ‘డబ్బు’ అనే మాట ఒకప్పుడు ఒక రాగి నాణేనికి పేరు. సామాన్యుల చేతుల్లో ఎక్కువగా మెలిగిన లోహం రాగి. అందుకే ఎక్కువగా అరిగిందీ అదే, తడి నేలలో ఎక్కువగా చెడిందీ అదే. బంగారు వరహా మీద అరుగుదలను అంచనా వేస్తే నాణెం స్థితి చాలావరకు తెలిసిపోతుంది. రాగి విషయంలో అలా కుదరదు. వాడకం వల్ల కలిగిన అరుగుదల వేరు, గాలి, నీరు, ఉప్పు, ఆమ్లం కలిగించిన ఉపరితల దోషం వేరు. ఈ రెండింటినీ కలిపి ఒకే శ్రేణిగా నమోదు చేస్తే చరిత్రకారునికి నాణెం చెప్పే సాక్ష్యం తారుమారవుతుంది.

ఈ చిక్కుకు మూలం కొంతవరకు శ్రేణి నిర్ణయం పుట్టుకలోనే ఉంది. 1 నుంచి 70 వరకు సాగే కొలమానాన్ని విలియం షెల్డన్ 1949లో అమెరికా తొలినాటి పెద్ద రాగి సెంట్ల కోసం రూపొందించాడు. శ్రేణి సంఖ్యతో కనీస ధరను గుణిస్తే నాణెం వెల రావాలన్నది ఆయన ఆలోచన. అంటే ఆ సంఖ్య మొదట ధరల సూత్రంలో భాగం. చారిత్రక వర్ణన కోసం పుట్టినది కాదు. ఆ ధరల లెక్క కాలక్రమంలో చెల్లకుండా పోయినా అంకెలు మాత్రం ప్రపంచమంతటా నిలిచిపోయాయి. అదే అమెరికాలో పాత రాగిని సేకరించేవారు త్వరలోనే మరో దారి పట్టారు. ముందు చిత్రం, అక్షరాలు ఎంతవరకు నిలిచాయో చూసి ఒక శ్రేణి ఇస్తారు. తర్వాత గుంటలు, గీతలు, రంగు మార్పు లెక్కించి దానిని తగ్గిస్తారు. స్పష్టతలో 40 ఉన్న నాణెం నికరంగా 15కు దిగవచ్చు. రెండు సంఖ్యలనూ రాసినంతకాలం ఈ పద్ధతి సబబైనదే. నికర సంఖ్య ఒక్కటే మిగిలితే మళ్లీ మొదటికే వస్తాం.

తెలుగు ప్రాంతానికి సంబంధించిన ఉదాహరణలు దీనిని బాగా విశదం చేస్తాయి. ఉత్తర సర్కారుల కోసం కుంపిణీ 1794లోనూ 1797లోనూ రాగి నాణేలు ముద్రింపించింది. రూపాయికి 48 అన్న లెక్క నాణెం మీదనే ఆంగ్లంలో కనిపిస్తుంది. తర్వాత మద్రాసు కోసం 1803లో బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బోల్టన్ సోహో టంకశాల ఇరవై కాసుల నాణేన్ని ఆవిరియంత్రంతో ముద్రించింది. ఒకవైపు కుంపిణీ చిహ్నం, మరోవైపు ఇరవై కాసులు నాలుగు ఫలూసులని చెప్పే పారశీక లేఖనం ఉంటాయి. అప్పటి లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. యంత్రం ముద్రించిన నాణేలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కనుక అరుగుదలను కొలవడానికి ఇవి అనువైనవి. చిహ్నంలోని ఎత్తైన చోట్లు ముందు నునుపవుతాయి, ఖాళీ స్థలం చాలాకాలం చెక్కుచెదరదు. సుత్తిదెబ్బతో ముద్రించిన హైదరాబాదు రాగి నాణేలకు ఈ సూత్రం పనికిరాదు. అక్కడ అచ్చు బిళ్ల కన్నా పెద్దది. అంచున అక్షరం లేకపోతే అది అరిగిపోయిందని కాదు, అసలు పడనే లేదని అర్థం.

ఇక 1808 నాటి కాసుల సంగతి. మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కుంపిణీ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్‌విన్ ఇసుకతిన్నెల మీద మునిగిపోయింది. అందులో టన్నులకొద్దీ రాగి కాసులున్నాయి. 1980లలో అవి లక్షల సంఖ్యలో వెలికివచ్చాయి. వాటిలో చాలావాటికి ఉపరితలమంతా సన్నని గుంటలు, రంగు మసకబారి ఉంటుంది. శ్రేణి పట్టికలో అవి తరచు దిగువన నిలుస్తాయి. కాని అవి ఒక్క బజారులోనూ మారలేదు, ఒక్క చేతిలోనూ అరగలేదు. వాటి పక్కన 1803 నాటి నున్నటి గోధుమరంగు నాణెం ఒకటి ఉంచితే, ఒకే అంకె పడినా, చరిత్ర దృష్టిలో అవి పూర్తిగా భిన్నమైనవి. రెండోది దశాబ్దాల చలామణికి సాక్షి. మొదటిది చలామణిలోకే రాని సొమ్ము. సముద్రపు నాణేన్ని ‘బాగా అరిగినది’ అని నమోదు చేసిన జాబితాను ఆధారంగా తీసుకుంటే, ఆ కాలపు చిల్లర చలామణి గురించి పరిశోధకుడు తప్పుడు నిర్ణయానికి వస్తాడు.

ఇనుముకు తుప్పు, రాగికి చిలుము అని తెలుగు వాడుక ఏనాడో వేరు చేసింది. చిలుములోనూ భేదాలున్నాయి. గట్టిగా, నున్నగా అంటుకున్న గోధుమ లేదా ఆకుపచ్చ పొర లోహాన్ని కాపాడుతుంది. దానిని దోషంగా లెక్కించకూడదు. లేత పచ్చని పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే అది వేరు. లోపల చేరిన క్లోరైడు తేమతో కలిసి లోహాన్ని తింటూనే ఉంటుంది. అలాంటి నాణేనికి శ్రేణి కన్నా ముందు పొడి వాతావరణం కావాలి.

అంతకన్నా పెద్ద నష్టం ఇంట్లోనే జరుగుతుంది. చెంబులు తోమినట్టే చింతపండుతో నాణేన్ని తోమితే ఆమ్లం పొరను కరిగించి లోహాన్ని బయటపెడుతుంది. అసహజమైన గులాబీరంగు, సన్నని సమాంతర గీతలు, అక్షరాల సందుల్లో మిగిలిన నలుపు దానిని పట్టిస్తాయి. తళతళలాడుతుంది కాబట్టి చూసేవారికి అది మేలైన నాణెంగానే తోస్తుంది. మొలతాడుకు కట్టేందుకు పొడిచిన రంధ్రం కూడా విపణిలో దోషమే. అయితే అది ఆ నాణెం ఏ ఇంట ఏ పనికి వచ్చిందో చెప్పే గుర్తు. అసలు టంకశాలే చిల్లు పెట్టి విడుదల చేసిన 1943 నాటి పైసాకు ఈ మాట వర్తించదు.

లిపి చదివేవారు మరింత జాగ్రత్త పడాలి. పందొమ్మిదో శతాబ్ది తొలి దశకపు మద్రాసు ‘డబ్బు’ నాణేల మీద తెలుగు లిపి కూడా ఉంది. తలకట్టు అరిగితే ప, వల భేదం మాసిపోతుంది, గుంట పడితే లేని సున్న పుడుతుంది. కాసుల మీద 1803లోని 3 పక్కన చిన్న గుంట చేరినా అది 8గా కనిపించవచ్చు. అప్పుడు బజారులో తిరిగిన నాణెం ఓడ మునక ఖాతాలో పడుతుంది. అలాగని 1808 నాటి ప్రతి కాసూ సముద్రం నుంచి వచ్చిందని అనుకోవడమూ సరికాదు. ఏటవాలు వెలుగులో అంకె గీత ఎత్తుగా నిలిచిందో, లోహంలోకి దిగిందో చూడాలి. వివరాల స్పష్టత, ఉపరితలం, బరువు, మానవ ప్రమేయం అన్నవి వేరువేరు గడుల్లో రాయాలి. చిలుము బరువును పెంచవచ్చు, తగ్గించనూ వచ్చు కాబట్టి, 9 గ్రాములకు కాస్త పైన ఉండవలసిన ఇరవై కాసుల నాణెం తేలికగా తూగినంతమాత్రాన దానిని అరుగుదల గడిలో వేయకూడదు.