పదో తరగతి పరీక్షలు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

ఈ మూడు పట్టణాలూ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాకు వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. అప్పటినుంచి పదో తరగతి ఫలితాల్లో వీటి లెక్క రెండు జిల్లాల కింద వస్తోంది.

నిజాం కాలంలో ఉన్నత పాఠశాల చదువు ప్రధానంగా ఉర్దూలో సాగేది. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో స్థాపించిన బాలికల ఉన్నత పాఠశాల తెలుగులో బోధించడం కోసం పుణేలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. 1956లో ఈ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. 1971లో ఇదే ఉమ్మడి జిల్లాలోని సర్వేలులో పి.వి. నరసింహారావు చొరవతో గురుకుల పాఠశాల వెలిసింది. పేద పిల్లల చదువు చరిత్రలో అది మేలైన అధ్యాయం.

ఏడాది పొడవునా పిల్లవాడి ప్రగతిని గమనించాలన్న నిరంతర సమగ్ర మూల్యాంకనం 1986 జాతీయ విద్యా విధానంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం దానికి బలమిచ్చింది. తెలంగాణలో పదో తరగతి దాకా అది రావడానికి మాత్రం 2014–15 విద్యా సంవత్సరం పట్టింది. కొత్త పాఠ్యపుస్తకాలతో పాటు 80 మార్కుల పబ్లిక్ పరీక్ష, 20 అంతర్గత మార్కుల పద్ధతి అమల్లోకి వచ్చాయి. బడుల్లో ‘ఎఫ్ఏ’ అనే నిర్మాణాత్మక మూల్యాంకనంలో తరగతిలో పిల్లల ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అనే నాలుగు భాగాలున్నాయి. తెలుగు ప్రశ్నపత్రంలో సృజనాత్మకతకు విడిగా చోటు దొరికింది: కరపత్రం, లేఖ, సంభాషణ వంటివి రాయమంటారు. గైడ్లు వాటికీ సిద్ధ సమాధానాలు అచ్చువేశాయి. కంఠస్థాన్ని తగ్గించాలని పెట్టిన ప్రశ్న అలా కంఠస్థానికే దొరికిపోయింది.

అప్పట్లో మొత్తం 11 పేపర్లు: హిందీకి ఒకటి, మిగతా సబ్జెక్టులకు రెండేసి. 2020 మార్చిలో మొదలైన పరీక్షలు కోవిడ్‌తో మధ్యలో ఆగాయి. జూన్‌లో వాటిని రద్దుచేసి, రాష్ట్రంలోని సుమారు 5.34 లక్షల మందిని అంతర్గత మార్కుల ఆధారంగా ఉత్తీర్ణులుగా ప్రకటించారు. మామూలు రోజుల్లో 20 మార్కుల వాటా మాత్రమే ఉన్న మూల్యాంకనమే ఆ ఏడు మొత్తం ఫలితాన్ని తేల్చింది. 2021లోనూ పరీక్షలు జరగలేదు. 2022లో ఆరు పేపర్లతో మళ్లీ మొదలయ్యాయి.

2020 జాతీయ విద్యా విధానం బోర్డు పరీక్షల ఒత్తిడి తగ్గాలనీ, బట్టీకి బదులు అవగాహనను పరీక్షించాలనీ చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం మాత్రం 2024 నవంబరు 28న అంతర్గత మార్కులు ఎత్తివేసి 100 మార్కులూ రాత పరీక్షకే కేటాయిస్తున్నట్లు ప్రకటించింది. విద్యా సంవత్సరం మధ్యలో ఈ మార్పు ఏమిటన్న అభ్యంతరాలు రాగా మరునాడే సవరించి, 2024–25కు 80–20 పద్ధతినే ఉంచింది. 2025 ఫలితాల్లో అంతకుముందున్న జీపీఏ (గ్రేడ్ పాయింట్ల సగటు) స్థానంలో సబ్జెక్టుల వారీగా మార్కులూ గ్రేడ్లూ ఇచ్చారు.

పదో తరగతి పరీక్షలతో పాటు ఈ ప్రాంతానికి మరో పరీక్ష కూడా దగ్గరవుతోంది. ప్రవేశ పరీక్షతో పిల్లలను ఎంపిక చేసే నవోదయ విద్యాలయాలు కొత్తగా 28 స్థాపించడానికి కేంద్ర మంత్రివర్గం 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. వాటిలో ఒకటి సూర్యాపేట జిల్లాకు దక్కింది.