కరగకుండా అతుక్కున్న అల్యూమినియం

ఈ వారం కబుర్లు ఒక వెల్డింగ్ గురించి. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వెల్డింగ్ గన్ పట్టిన చెయ్యి కాదు. అయినా ఈ కథలో మన విశాఖ, హైదరాబాదు ఉన్నాయి కనుక చెప్పాలనిపించింది.

ఇనుము అతకడం మన ఊళ్ళలో రోడ్డు పక్క షెడ్డుల్లో అందరం చూసిందే. అల్యూమినియం అంత సులువుగా లొంగదు. గాలి తగలగానే దాని మీద సన్నని పొర కడుతుంది. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అందులోనూ మహా మొండిది 7075 రకం. జింకు, మెగ్నీషియం, రాగి కలిపి చేస్తారు, విమానాల్లో వాడతారు. కరిగించి అతికితే చల్లారేటప్పుడు పగుళ్ళిస్తుంది. అందుకే విమానాలకి రివెట్లు కొడుతూ వచ్చారు.

1991లో ఇంగ్లండులో, కేంబ్రిడ్జి దగ్గరున్న వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేన్ థామస్ బృందం అసలు కరిగించకుండానే అతికింది. మేకులాంటి గట్టి పనిముట్టుని గిరగిరా తిప్పుతూ రెండు పలకల మధ్య దించి, అతుకు పొడవునా నడుపుతారు. రాపిడి వేడికి లోహం పూరీపిండిలా మెత్తబడి కలిసిపోతుంది. దీన్నే ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అంటారు. 1999లో ఈ అతుకులతో డెల్టా 2 రాకెట్ ఎగిరింది. 2012లో ఐమ్యాక్ కంప్యూటర్ అంచుకీ ఇదే వాడారు.

పలక మందమయ్యేకొద్దీ చిక్కు. పనిముట్టు భుజం రాసుకునే పైభాగం బాగా వేడెక్కుతుంది. అడుగున ఉన్న ఉక్కు దిమ్మ వేడిని లాగేస్తుంది. దాంతో పైన అతికినట్టే కనిపించినా అడుగున విడిగా ఉండిపోవచ్చు. అందుకే బాగా మందపు పలకల్ని రెండు వైపులనుంచీ అతుకుతారు.

ఇక మనవాళ్ళ సంగతి. 1963లో హైదరాబాదులో మొదలైన రక్షణ లోహ పరిశోధనశాల, అదే డీఎంఆర్ఎల్, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి 8 మిల్లీమీటర్ల 7075 పలకల్ని ఇలా అతికి, 2015లో ఫలితాలు ప్రకటించాయి. అతకడం ఒక్కటే కాదు, అతుకు తుప్పుకి తట్టుకుంటుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ఉప్పుగాలి లోహాన్ని ఏం చేస్తుందో విశాఖవాళ్ళకీ, సింగపూర్‌లో ఉన్న మనకీ వేరే చెప్పక్కర్లేదు కదా!

అతికాక మామూలు పద్ధతిలో వేడిచేస్తే బలం బాగా వచ్చింది, తుప్పుకి మాత్రం ఆగలేదు. కొద్దిసేపు ఎక్కువ వేడిలో ఉంచి, చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచితే తుప్పుకీ తట్టుకుంది, బలమూ పెద్దగా తగ్గలేదు.