విజ్ఞానం–మతం: క్యాటలాగులో ఎక్కడెక్కడ వెతకాలి?

విజ్ఞానశాస్త్రానికీ మతానికీ ఉన్న సంబంధంపై పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థి ముందుగా గ్రంథాలయ ఆన్‌లైన్ క్యాటలాగు (ఓపాక్)లో ‘సైన్స్ అండ్ రెలిజియన్’ అని కొడతాడు. పేరులో ఆ రెండు మాటలూ ఉన్న పుస్తకాలు వరసగా వస్తాయి. గలీలియో విచారణపై జార్జియో డి సాంటిలానా 1955లో వెలువరించిన ‘ద క్రైమ్ ఆఫ్ గలీలియో’ మాత్రం ఆ వరసలో కనబడకపోవచ్చు. దాని పేరులో సైన్సూ లేదు, మతమూ లేదు.

పేరును వదిలి, పుస్తకం దేని గురించో సూచించే విషయ శీర్షికను పట్టుకుంటే దారి తెరుచుకుంటుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పట్టికలో ఈ విషయానికి స్థిరపడిన శీర్షిక ‘రెలిజియన్ అండ్ సైన్స్’. మతం ముందు, సైన్సు తర్వాత. జాన్ హెడ్లీ బ్రూక్ 1991లో ప్రచురించిన ‘సైన్స్ అండ్ రెలిజియన్: సమ్ హిస్టారికల్ పర్‌స్పెక్టివ్స్’ రికార్డు తెరిచి, రచయిత, ప్రచురణకర్త, పుటల సంఖ్య దాటి కిందికి వస్తే ‘రెలిజియన్ అండ్ సైన్స్ – హిస్టరీ’ అనే పంక్తి ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ శీర్షిక ఇచ్చిన పుస్తకాలన్నీ, పేర్లు ఏవైనా సరే, ఒకచోటికి చేరతాయి. ఒక మంచి పుస్తకం దొరకగానే దాని శీర్షికల వెంట వెళ్లడం కార్డుల కాలం నుంచీ గ్రంథపాలకులకు అలవాటైన పద్ధతే.

అయితే ఆ శీర్షికకూ ఒక చరిత్ర ఉంది. దాని కింది కాలవిభాగాలు చూడాలి: 1860–1899, 1900–1925, 1926–1945, 1946 తర్వాత. డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ వెలువడింది 1859లో. పరిణామవాదం బోధించాడన్న నేరంపై టెనెసీలోని డేటన్ పట్టణంలో ఉపాధ్యాయుడు జాన్ స్కోప్స్‌ను విచారించింది 1925లో. ఈ గళ్లు పాశ్చాత్య క్రైస్తవ సమాజపు వివాదానికి చక్కగా సరిపోతాయి. ఆ వివాదాన్ని యుద్ధంగా చిత్రించిన జాన్ విలియం డ్రేపర్ గ్రంథం 1874లో, ఆండ్రూ డిక్సన్ వైట్ గ్రంథం 1896లో వచ్చాయి. చరిత్ర అంత సరళంగా నడవలేదని బ్రూక్ వంటి చరిత్రకారులు తర్వాత నిరూపించారు. భారతీయ చర్చను మాత్రం ఈ గళ్లలో ఇమడ్చలేం. ఆధునిక విజ్ఞానానికి మూలాలు వేదాల్లోనే ఉన్నాయని వాదించిన దయానంద సరస్వతి 1875లో ఆర్యసమాజం స్థాపించారు. సత్యం మనిషి మీద ఆధారపడి ఉంటుందా అని టాగోర్, ఐన్‌స్టీన్ చర్చించుకున్నది 1930లో. ఈ రెండు సందర్భాలకూ స్కోప్స్ విచారణతో ఏ పొత్తూ లేదు. అందుకే ‘హిందూయిజం అండ్ సైన్స్’, ‘బుద్ధిజం అండ్ సైన్స్’, ‘ఇస్లాం అండ్ సైన్స్’ శీర్షికలను విడివిడిగా వెతికి తీరాలి.

ర్యాకుల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. 1876లో వచ్చిన డ్యూయీ దశాంశ పద్ధతిలో 200 మతానిది, 500 విజ్ఞానానిది. 220 నుంచి 280 దాకా బైబిలుకూ క్రైస్తవానికీ కేటాయించి, తక్కిన మతాలన్నిటినీ 290లో సర్దారు. మన విషయం ఇక్కడ నాలుగు చోట్లకు చెదిరిపోయింది: తాత్విక చర్చ 215లో, క్రైస్తవ దృక్పథం 261.55లో, ఇస్లాం దృక్పథం 297.265లో, అన్ని మతాలకూ వర్తించే చర్చ 201.65లో. రిచర్డ్ డాకిన్స్ ‘ద గాడ్ డెల్యూజన్’ (2006) నాస్తికవాదం కింద 211.8లో ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణలో గలీలియో పుస్తకాలు ఖగోళశాస్త్రంలో, క్యూబీ 36 దగ్గర. ఫ్రిట్జాఫ్ కాప్రా ‘ద టావో ఆఫ్ ఫిజిక్స్’ (1975) భౌతికశాస్త్రంలో, క్యూసీ 6 దగ్గర. హిందూ, బౌద్ధ, టావో చింతనలను క్వాంటం భౌతికంతో పోల్చిన పుస్తకమది. మతం ర్యాకు ఎంత గాలించినా దొరకదు.

ఈ చిక్కును లోతుగా పట్టించుకున్నవారు ఎస్.ఆర్. రంగనాథన్. గణితం బోధిస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన ఆయన, 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించారు. రెండు విషయాలు కలిసినచోట ఉన్నది పోలికా, భేదమా, ఒకదానిపై మరొకదాని ప్రభావమా అన్నది పుస్తకానికి ర్యాకులో చోటు చూపే కాల్ నంబరులోనే వేర్వేరు గుర్తులతో చూపే ఏర్పాటు ఆ పద్ధతి తర్వాతి ముద్రణల్లో ఉంది. మతం, విజ్ఞానం అనే రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి ఊరుకోకుండా, వాటి మధ్య సంబంధం ఎలాంటిదో నమోదు చేయమంటుంది. ఈ విషయానికి కావలసింది సరిగ్గా అదే. కోలన్ వాడకం తగ్గిపోవడం ఇలాంటి పరిశోధనకు నిజమైన నష్టం.

తెలుగు గ్రంథాల దగ్గర అడ్డంకులు వేరు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి ఢిల్లీ కార్యాలయం ద్వారా సేకరించిన తెలుగు పుస్తకాలు అమెరికా విశ్వవిద్యాలయాలకూ చేరాయి. వాటి పేర్లను రోమన్ లిపిలో, దీర్ఘాలపై గీతలతో, మూర్ధన్యాల కింద చుక్కలతో నమోదు చేశారు. ‘విజ్ఞానము’ కోసం వెతికేవారు ‘జ్ఞ’కు జె, ఎన్ అక్షరాలు కొట్టాలి, మనం మామూలుగా రాసే జి, ఎన్ కొడితే రికార్డు రాదు.

అంతకన్నా పెద్ద లోటు పత్రికలది. తెలుగులో ఈ వాదోపవాదాలు చాలావరకు పత్రికల్లోనే నడిచాయి. రావిపూడి వెంకటాద్రి సంపాదకత్వం వహించిన ‘హేతువాది’, విజయవాడ నాస్తిక కేంద్రం వెలువరించిన ‘నాస్తిక మార్గం’ ఇందుకు మంచి ఆధారాలు. క్యాటలాగులో మామూలుగా పత్రిక మొత్తానికి ఒకే రికార్డు ఉంటుంది, లోపలి వ్యాసాలకు శీర్షికలు ఉండవు. బైండు సంపుటాలు తెప్పించుకుని విషయసూచికలు ఒక్కొక్కటిగా చదవడం తప్ప పరిశోధకులకు మార్గం లేదు. గ్రంథాలయశాస్త్ర విభాగాలు ఈ సంపుటాలకు వ్యాససూచి తయారుచేసే పనిని విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వాలి. రామకృష్ణ మఠం ‘శ్రీరామకృష్ణ ప్రభ’ వంటి ఆధ్యాత్మిక పత్రికల వ్యాసాలనూ అదే సూచిలో చేర్చితే, ఇరుపక్షాల వాదాన్నీ పక్కపక్కన పెట్టి చదవడానికి వీలవుతుంది.